పశువుల పిడుదులకు సహజ శత్రువులు: పాకలో ఎదురయ్యే సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

పిడుదులను తినే, చంపే ప్రాణులు మన పశువుల పాకల చుట్టూనే ఉన్నాయి. నాటుకోళ్లు, చీమలు, బల్లులు, సాలీళ్లు, నేలలో బతికే కొన్ని శిలీంద్రాలు ఆ పని చేస్తాయి. అయినా వాటిని నమ్ముకున్న రైతులు నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో చాలామంది నిరాశపడుతున్నారు. ఆ నిరాశకు కారణం సాధారణంగా ఒకటే. పిడుదు ఒక చోట ఉంటే, దాని శత్రువును మనం మరొక చోట పనిలో పెడుతున్నాము. పశువు ఒంటి మీద కనిపించే పిడుదుల కంటే నేల మీద, గోడ నెర్రెల్లో, గడ్డి మొదళ్లలో గుడ్లుగా, పిల్లలుగా ఉన్నవే ఎక్కువ. సహజ శత్రువులకు బలం ఉన్నది ఆ రెండో చోటనే.

సమస్య: పిడుదులతో పాటు పశువుకు జ్వరం వచ్చింది

ఈ స్థితిలో కోళ్ల గురించి, శిలీంద్రాల గురించి ఆలోచిస్తూ ఒక పూట కూడా ఆలస్యం చేయకూడదు. తీవ్రమైన జ్వరంతో భుజం ముందు, చెవి కింద బిళ్లలు కడితే థైలేరియా వ్యాధిని అనుమానించాలి. మూత్రం కాఫీ రంగులో వస్తే బెబీసియా వ్యాధిని అనుమానించాలి. రెండూ పిడుదుల ద్వారానే వస్తాయి, రెండూ సంకరజాతి ఆవులను త్వరగా కుంగదీస్తాయి. పశువైద్యుడు రక్తపరీక్ష చేసి, థైలేరియాకు బ్యూపార్వాక్వోన్, బెబీసియాకు డైమినజీన్ వంటి ఇంజెక్షన్లు ఇస్తారు. ఒంటి మీది పిడుదులను కూడా మందుతోనే తొలగించవలసి ఉంటుంది. సహజ శత్రువుల పని ఆ పశువు కోలుకున్న తరువాత, పాకలో మళ్లీ పిడుదులు పెరగకుండా చూడటంలో మొదలవుతుంది.

సమస్య: మందు కొట్టిన మూడు వారాలకే పిడుదులు మళ్లీ నిండిపోతున్నాయి

మన ఆవుల మీద ఎక్కువగా కనిపించే బూడిద రంగు పిడుదు, పిల్లగా ఎక్కినది మొదలు రక్తం తాగి ఉబ్బి రాలిపోయే వరకు ఒకే పశువు మీద సుమారు 21 రోజులు గడుపుతుంది. రాలిన ఆడ పిడుదు మరుగైన తావు చూసుకొని 2000 నుంచి 3000 గుడ్లు పెట్టి చనిపోతుంది. మందు ఒంటి మీద ఉన్నవాటిని చంపిందే తప్ప, అంతకు ముందే నేలకు చేరిన గుడ్లను తాకలేదు. అందువల్ల ఆ గుడ్ల నుంచి వచ్చిన పిల్లలు మళ్లీ పశువు మీదికి ఎక్కుతాయి. పైగా ఒకే మందును పదే పదే వాడితే పిడుదులు దానికి తట్టుకునే శక్తిని పెంచుకుంటాయి. డెల్టామెత్రిన్ అనే పిడుదుల మందు విషయంలో మన దేశంలో ఇది ఇప్పటికే జరిగింది.

దీనికి పరిష్కారం రాలిన ఆడ పిడుదును గుడ్లు పెట్టక ముందే అందుకోవడం. ఒక పిడుదు నశిస్తే రెండు వేల గుడ్లు తప్పినట్లే కనుక, సహజ శత్రువు చేయగల అత్యంత విలువైన సాయం ఇదే. చీమలు రాలిన పిడుదులనూ గుడ్లనూ తింటాయి. కాబట్టి పాక చుట్టూ అలవాటుగా చీమల మందు చల్లడం మానుకోవాలి. అయితే అప్పుడే పుట్టిన దూడ దగ్గరికి, ముఖ్యంగా దాని బొడ్డు దగ్గరికి చీమలు చేరనీయకూడదు. దూడను వేరే శుభ్రమైన చోట ఉంచితే సరిపోతుంది.

సమస్య: కోళ్లను పాకలోకి వదిలినా పిడుదులు తగ్గడం లేదు

కోడి పిడుదులను తింటుందనడంలో సందేహం లేదు. 1991లో ప్రచురితమైన కెన్యా పరిశోధనలో, పశువుల మధ్య కొద్దిసేపు తిరిగిన నాటుకోళ్ల కడుపులను పరిశీలిస్తే సగటున 80కి పైగా పిడుదులు, కొన్నింటిలో 300కు మించి కనిపించాయి. మన దగ్గర అదే ఫలితం రాకపోతే ముందుగా వేళను పరిశీలించాలి. ఉబ్బిన ఆడ పిడుదులు ఎక్కువగా తెల్లవారుజామునుంచి ఉదయం వరకు రాలతాయి. ఆ సమయంలో కోళ్లు గంప కిందనే ఉండి, తరువాత నూకలు తిని కడుపు నింపుకొని, ఆవులు మేతకు వెళ్లాక పాకలోకి వస్తే వాటికి దొరికేది ఏమీ ఉండదు. తెల్లవారగానే దాణా వేయక ముందు, ఆవులు ఇంకా కట్టుగొయ్యల దగ్గర ఉండగానే కోళ్లను వదలాలి. పడుకున్న ఆవు గంగడోలు, కాళ్ల సందుల నుంచి కూడా అవి పిడుదులను ఏరుకుంటాయి. నూకలు సాయంత్రం వేయడం మంచిది. బ్రాయిలర్ కోళ్లకు ఈ అలవాటు ఉండదు, నాటుకోళ్లే కావాలి.

ఇక్కడ మూడు జాగ్రత్తలు తప్పనిసరి. పొదుగు మీద గాయం ఉన్న ఆవు దగ్గరికి కోళ్లను రానీయకూడదు, పుండును పొడిచి పెద్దది చేస్తాయి. రాత్రి గాటి మీద పడుకోనీయకూడదు, రెట్ట మేతలో పడుతుంది. ఇక పశువులకు మందు కొట్టినప్పుడు, రాలిన పిడుదులను ఊడ్చి కాల్చే వరకు కోళ్లను మూసి ఉంచాలి. మందు తగిలిన పిడుదులను తిన్న కోడికీ ప్రమాదమే, దాని గుడ్లను తినే ఇంటివారికీ మంచిది కాదు. ఈ మూడింటిలో ఎక్కువమంది మరచిపోయేది ఇదే.

సమస్య: కొంగలు, పసలపోలిగాళ్లు ఆవుల మీద వాలుతున్నా ఫలితం లేదు

ఆ పక్షులు ప్రధానంగా పశువులు నడిచేటప్పుడు గడ్డి నుంచి లేచే మిడతలను, పురుగులను తింటాయి. పిడుదు వాటికి అప్పుడప్పుడు దొరికే ఆహారం మాత్రమే. వాటిని తరమవద్దు, అలాగని వాటి మీద ఆధారపడవద్దు.

సమస్య: శిలీంద్రపు పొడి చల్లినా పిడుదులు చావడం లేదు

మెటారైజియం, బవేరియా అనే శిలీంద్రాలు పిడుదు చర్మాన్ని తొలుచుకొని లోపల పెరిగి దానిని చంపుతాయి. ఇందుకు ఒకటి రెండు వారాలు పడుతుంది, మరునాడే చూసి పనిచేయలేదని నిర్ణయించుకోకూడదు. కానీ మన జిల్లాల్లో అసలు ఆటంకం వేడి. వీటికి 25 నుంచి 30 డిగ్రీల ఉష్ణోగ్రత, గాలిలో తేమ కావాలి. ఉదయగిరి, ఆత్మకూరు వైపు మే నెలలో చల్లిన పొడి దాదాపు వృథాయే. ఈశాన్య రుతుపవనాలతో వానలు పడే అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వీటికి అనువైన కాలం. సాయంత్రం వేళ, ఎండ తగలని నేల మీద, గోడల మొదళ్లలో, తడి నిలిచే మూలల్లో చల్లాలి. అదే చోట సున్నం, బ్లీచింగ్ పొడి, తెగుళ్ల మందులు వేస్తే శిలీంద్రం చస్తుంది. కొనేటప్పుడు గడువు తేదీ చూడాలి, ఎండలో పెట్టిన ప్యాకెట్టును తీసుకోకూడదు. ఈ పొడులు పంటల కోసం తయారైనవి కనుక పశువు ఒంటికి పూయకుండా నేలకే పరిమితం చేయడం క్షేమం.

సమస్య: గోడల మీద పిడుదులు పాకుతున్నాయి

ఇవి తరచుగా హయలోమా జాతివి, థైలేరియాను వ్యాపింపజేసేవి ఇవే. మట్టిగోడల నెర్రెల్లో దాగి ఉంటాయి. బల్లులు, సాలీళ్లు కొన్నింటిని తిన్నా, లోతైన నెర్రెలోకి ఏ శత్రువూ వెళ్లలేదు. ఇక్కడ శత్రువుల మీద ఆశ పెట్టుకోవడం కన్నా నెర్రెలను పూడ్చి సున్నం వేయడమే సరైన పని. చేత్తో ఏరిన పిడుదులను గోళ్లతో నలపకూడదు. హయలోమా ద్వారా మనుషులకు క్రిమియన్ కాంగో జ్వరం సోకుతుంది, 2011లో గుజరాత్‌లో మన దేశపు తొలి కేసు నిర్ధారణ అయింది. చేతికి తొడుగు వేసుకొని, ఏరినవాటిని కిరోసిన్‌లో వేయాలి.

సమస్య: ఒకే పాకలో జెర్సీ ఆవుకు గుత్తులుగా ఉన్నాయి, ఒంగోలు ఆవుకు లేవు

ఇది మీ నిర్వహణ లోపం కాదు. ఒంగోలు జాతి పశువుకు పిడుదులను తట్టుకునే గుణం పుట్టుకతోనే ఉంది. పలుచని, పొట్టి వెంట్రుకలు, చర్మాన్ని జలదరించే శక్తి, ఒళ్లు నాకుకునే అలవాటు, కాటుకు చర్మం స్పందించే తీరు కలిసి పిల్ల పిడుదులలో చాలావాటిని ఎదగనీయవు. నెల్లూరు పేరుతో బ్రెజిల్‌లో నెలోర్‌గా ఈ జాతి విస్తరించడానికి వేడితో పాటు పిడుదులను తట్టుకునే ఈ గుణమూ ఒక కారణం. జెర్సీ, హెచ్ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) సంకరాలకు ఆ రక్షణ తక్కువ కనుక పాకలోని పిడుదులలో ఎక్కువ భాగం వాటి కిందనే రాలతాయి. అందువల్ల శ్రమను అన్ని పశువుల మీద సమానంగా పంచనక్కరలేదు. సంకర ఆవులను గచ్చు ఉన్న, గోడకు దూరమైన, కోళ్లు సులభంగా తిరగగల చోట కట్టి, వాటి చెవులు, తోక మొదలు, పొదుగు చుట్టూ వారానికి రెండుసార్లు తడిమి చూసి, ఉదయం కోళ్లను మొదట అటువైపే వదలాలి.