కేబుల్ లాగే ముందు, బ్రేకర్ బిగించే ముందు

ముందు లోడ్ కరెంట్ లెక్కగట్టండి. బ్రేకర్ రేటింగ్ దానికన్నా తక్కువ ఉండకూడదు, కేబుల్ మోయగలిగే కరెంట్‌ని దాటకూడదు.

చాలామంది దెబ్బతినేది కేబుల్ రేటింగ్ టేబుల్‌లో అంకె చూసి ఆగిపోయినప్పుడే. 16 చదరపు మి.మీ. రాగి పీవీసీ కేబుల్, త్రీ ఫేజ్‌లో, గోడకి ఒంటరిగా బిగించి 30 డిగ్రీల గాలిలో ఉంటే 76 ఆంపియర్లు మోస్తుంది. అదే కేబుల్‌ని 40 డిగ్రీల వేడిలో ఇంకో రెండు సర్క్యూట్లతో కలిపి కట్టేస్తే వేడికి 0.87తోనూ, గుంపుగా కట్టినందుకు 0.70తోనూ గుణించాలి, మిగిలేది 46 మాత్రమే, దానికి 63 ఆంపియర్ల బ్రేకర్ పెడితే కేబుల్ లోపల ఉడుకుతున్నా బ్రేకర్ పడదు!

మోటార్ స్టార్టింగ్‌లో ట్రిప్ అవుతోందని రేటింగ్ పెంచేయకండి, దయచేసి. డీ కర్వ్ బ్రేకర్ (స్టార్టింగ్‌లో క్షణకాలం వచ్చే పెద్ద కరెంట్‌ని తట్టుకునే రకం) చూడండి, కానీ అప్పుడు ఎర్త్ ఫాల్ట్ లూప్ ఇంపిడెన్స్ (ఫాల్ట్ కరెంట్ ఎర్త్ గుండా తిరిగొచ్చే దారిలోని అడ్డు) మళ్లీ కొలవాలి, లేకపోతే ఫాల్ట్ వచ్చినా వెంటనే తెగదు.

ప్యానెల్ దగ్గర ఫాల్ట్ లెవల్ (షార్ట్ అయితే పారగల గరిష్ట కరెంట్) ఎంతో, బ్రేకర్ ఎన్ని కిలో ఆంపియర్లు తెంపగలదో పోల్చుకోండి. దూరం ఎక్కువైతే వోల్టేజ్ డ్రాప్ (కేబుల్ పొడవునా తగ్గే వోల్టేజ్) కూడా లెక్క చూసుకోండి.

ఇక చెయ్యి పెట్టే ముందు సప్లై తీసి, తాళం వేసి, ట్యాగ్ కట్టండి. టెస్టర్‌ని ముందు లైవ్ పాయింట్ మీద చూసి, మీ టెర్మినల్ పరీక్షించి, మళ్లీ లైవ్ మీద చూడండి.