షూ లేసులతో బ్యాక్టీరియా క్రోమోజోమ్‌ను పంచడం ఎలా?

బ్యాక్టీరియా ఒకటి రెండవుతుందని బడిలో మధ్యలో గీత గీసి చెప్పేస్తారు. లోపలి డీఎన్‌ఏ పంపకంలో ఎంత తిప్పలుందో మాత్రం చేత్తో చేస్తేనే తెలుస్తుంది. మన పేగుల్లో ఉండే ఈ.కొలైనే తీసుకుందాం. ఒక ఎర్ర లేసు, ఒక తెల్ల లేసు, పాలిథిన్ కవరు, రబ్బరు బ్యాండు చాలు. కుట్టు దారం మాత్రం వద్దు. నేను దాంతో మొదలుపెట్టి అరగంట చిక్కులు తీస్తూ కూర్చున్నాను.

1. లేసులు రెండింటినీ పురి పెట్టినట్టు పది చుట్లు మెలేయండి. ఎర్ర కొసలు రెండూ కలిపి ఒక ముడి, తెల్ల కొసలు రెండూ కలిపి ఇంకో ముడి. కొసల్లేని ఈ గుండ్రటి తాడే క్రోమోజోమ్, అంటే కణంలోని డీఎన్‌ఏ తాడు; రెండు లేసులూ దాని రెండు పాయలు. అసలుదాంట్లో 46 లక్షల బేస్ జతలు (రెండు పాయలనూ కలిపే మెట్లు), 4 లక్షలకు పైగా మెలికలు! సాగదీస్తే మిల్లీమీటరున్నర ఉంటుంది. అది ఇమిడిన కణం పొడవేమో మిల్లీమీటరులో 500వ వంతు.

2. ఒకచోట పాయలు విడదీసి, రెండు వైపులా విప్పుకుంటూ పోండి. కణం రెండవ్వాలంటే డీఎన్‌ఏకు కాపీ తీయాలి; ఆ కాపీ మొదలయ్యే చోటి పేరు ఓరి-సి. కాసేపటికే ముందున్న మెలికలు బిగుసుకుపోయి లేసు ముడుచుకుంటుంది. కొస ఉంటే గిర్రున తిరిగి వదులయ్యేది, ఇక్కడ కొసే లేదాయె. తెల్ల ముడి విప్పి, ఒక చుట్టు వదిలించి, మళ్లీ ముడేయండి. కణంలో ఈ పని గైరేజ్ అనే ఎంజైముది: డీఎన్‌ఏను తెంపి, ఆ సందులోంచి ఇంకో భాగాన్ని దాటించి, తిరిగి అతికిస్తుంది. విడిన ప్రతి పాయకూ వెంటనే కొత్త జత పాయ తయారవుతుంది.

3. మొత్తం విడేదాకా ఆగకుండా ఎర్రదాన్ని ఒక పక్కకు, తెల్లదాన్ని మరో పక్కకు జరుపుతూ ఉండండి. మన కణాలు కాపీ అంతా ముగించాకే పంచుకుంటాయి. బ్యాక్టీరియా కాపీ చేస్తూనే పంచేస్తుంది. కాపీకి 40 నిమిషాలు పడుతుంది, తిండి బాగా దొరికితే కణం 20 నిమిషాలకే రెండవుతుంది. అదెలా? మొదటి కాపీ పూర్తికాకముందే తర్వాతిది మొదలుపెట్టేస్తుంది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టే!

4. చివర్లో రెండు రింగులు గొలుసు లంకెల్లా ఇరుక్కుంటాయి. మళ్లీ ఒక ముడి విప్పి విడదీయాల్సిందే. అసలు కణంలో ఈ పని టోపోఐసోమరేజ్-4 చేస్తుంది. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ మాత్ర దెబ్బకొట్టేది దీన్నీ, గైరేజ్‌నూ. తెంపిన చోట అతకనివ్వదు.

5. కవరే కణం అనుకుని, రింగులను అందులో చెరో మూలకు నెట్టి, నడుముకు రబ్బరు బ్యాండు బిగించండి. కణంలో అక్కడ ఉండేది ఎఫ్‌టీఎస్‌జెడ్ ప్రోటీన్ల వలయం. గోడ మూసుకునేలోపు ఇంకా గుమ్మంలోనే ఉన్న డీఎన్‌ఏను ఎఫ్‌టీఎస్‌కే అనే ప్రోటీన్ ఎటుది అటు లాగేస్తుంది.