దంతాల ఫిల్లింగ్ పదార్థం తయారీ – 4వ పాఠం: అడుగు ఎందుకు పచ్చిగా మిగిలింది?

ఈసారి సైలేన్ పూత (గాజుపొడి రెసిన్‌కు అంటుకునేలా చేసే పూత) చెప్పాలనుకున్నాను. కానీ మూడో పాఠంలో పేస్ట్‌ను అచ్చులో నింపి నీలి లైట్‌తో గట్టిపరిచే దగ్గరే చాలామంది ఆగిపోయారు. పైన గట్టిపడింది, అడుగు పచ్చిగానే ఉందట. కొందరైతే కాంతి తగలగానే చర్య మొదలుపెట్టే పొడి, క్యాంఫర్‌క్వినోన్, రెట్టింపు వేశారు. అడుగు ఇంకా మెత్తబడింది, పైగా పసుపురంగు తేలింది. ఇది తేలకుండా సైలేన్ జోలికి వెళ్లడం దండగ.

తూచడం, కలపడం మళ్లీ చెప్పను. రెసిన్‌కు రెండు మోనోమర్లు (గొలుసుగా కలిసి గట్టిపడే చిన్న అణువులు): చిక్కటి బిస్-జీఎంఏ 70, దాన్ని పలచన చేసే టెగ్‌డీఎంఏ 30 పాళ్లు; రెసిన్ బరువులో 0.2 శాతం క్యాంఫర్‌క్వినోన్, దానికి తోడ్పడే అమైన్ 0.8 శాతం. అంతే.

క్యాంఫర్‌క్వినోన్ నీలికాంతిని, ముఖ్యంగా 468 నానోమీటర్ల దగ్గర, పీల్చుకుంటుంది. చర్య మొదలయ్యేది అలాగే. కొంతవరకు పెంచితే లాభమే. ఆ హద్దు దాటాక పై పొరే కాంతినంతా తాగేస్తుంది, కిందికి ఏమీ దిగదు. పందిరి మీద ఆకులు దట్టంగా కప్పితే కింద నీడ పెరిగినట్టే. అడుగు పచ్చిగా ఉందని ఆ పొడి డబ్బా తెరవకండి, దయచేసి. ముందు లైట్ చూడండి. చదరపు సెంటీమీటరుకు 1000 మిల్లీవాట్లు ఇచ్చే లైట్ 20 సెకన్లలో 20 జౌళ్లు ఇస్తుంది. కానీ కొనను దూరంగా పట్టినా, వంచి పట్టినా ఆ లెక్క చెల్లదు. అచ్చుకు ఆనించి, నిటారుగా పట్టుకోవాలి.

తర్వాత ఫిల్లర్, అంటే రెసిన్‌లో కలిపే సన్నటి పొడి, చూడండి. మన రెసిన్ వక్రీభవన గుణకం (కాంతిని ఎంత వంచుతుందో చెప్పే అంకె) సుమారు 1.52. బేరియం గాజు దానికి దగ్గరగా ఉంటుంది కాబట్టి కాంతి లోపలికి దిగుతుంది. ఉత్త సిలికాది 1.46, అందుకే కాంతి చెదిరిపోతుంది. పేస్ట్ తెల్లగా, మసగ్గా కనిపిస్తే అనుమానించాల్సింది దీన్నే. నేనైతే బేరియం గాజే వాడతాను.

పైన జిగటగా ఉండటం లోపం కాదు, గాలిలోని ఆక్సిజన్ చర్యను అడ్డుకోవడం వల్ల అలా అవుతుంది. పారదర్శక స్ట్రిప్ కప్పితే సరి.

ఇక లోతు. ఐఎస్ఓ 4049 (ఇలాంటి ఫిల్లింగ్ పదార్థాల అంతర్జాతీయ ప్రమాణం) పద్ధతిలో 4 మి.మీ. వ్యాసమున్న అచ్చులోంచి ముక్క తీసి, పచ్చి భాగం ప్లాస్టిక్ గరిటెతో గీకి, మిగిలింది కొలిచి సగం చేయాలి. ఆ సగమే క్యూర్ లోతు, అంటే గట్టిపడినట్టు లెక్కించే లోతు. చాలామంది సగం చేయకుండానే రాశారు. గీకుడుకు నిలిచినంత మాత్రాన మిగిలిన ముక్క కింది భాగం పూర్తిగా గట్టిపడినట్టు కాదు. అక్కడ చర్య జరగని మోనోమర్ మిగిలి ఉంటుంది. అది నీళ్లలోకి కారిపోయి, ఫిల్లింగ్ బలం పోతుంది.

బీచ్ రోడ్డు వైపు కిటికీ పక్కన కూర్చుని కలిపే ఆంధ్ర విశ్వవిద్యాలయం (ఏయూ) పిల్లలకో మాట: పగటి వెలుగుకే పేస్ట్ బిగుసుకుంటుంది. నారింజ ఫిల్మ్ అతికించండి, డబ్బాకు అల్యూమినియం ఫాయిల్ చుట్టండి. విశాఖ గాలిలో తేమ ఎక్కువ, ఫిల్లర్‌ను ఓవెన్‌లో ఆరబెట్టాకే తూచండి.

అభ్యాసం: క్యాంఫర్‌క్వినోన్ 0.1, 0.2, 0.5 శాతం; ఒక్కోదానికి 10, 20, 40 సెకన్లు; ప్రతి జతకూ ఐదేసి ముక్కలు. మొత్తం 45. అన్నిటికీ సగం లోతే రాయండి. 1.5 మి.మీ. కంటే తక్కువొచ్చిన మిశ్రమాన్ని పక్కన పెట్టండి. మోనోమర్ గ్లవ్స్‌లోంచి కూడా చర్మానికి చేరుతుంది, అంటిన వెంటనే మార్చుకోండి. ఈ ముక్కలు పరీక్షకే, ఎవరి నోట్లోనూ పెట్టకూడదు.