బ్రహ్మకమలాన్ని గుర్తించి వర్గీకరించడం ఎలా?

మన ఇళ్ల కుండీలలో రాత్రిపూట విచ్చుకునే తెల్లని బ్రహ్మకమలం మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతాల కాక్టస్. ఇక్కడ చెప్పబోయేది ఉత్తరాఖండ్ రాష్ట్ర పుష్పమైన హిమాలయ బ్రహ్మకమలం గురించి.

జులై నుంచి సెప్టెంబరు లోపు ఉత్తరాఖండ్‌లోని పూల లోయకో, హేమకుండ్ దారికో వెళ్లండి. పది రెట్లు పెద్దదిగా చూపే లెన్స్, పెన్సిల్, నోటుపుస్తకం చాలు. ముందుగా ఎత్తు, నేల, ఆకుల అంచులు రాసుకోండి. ఫోటో తీయడానికి ముందే బొమ్మ గీయాలి. ఫోన్ యాప్ పేరు చెబుతుందే తప్ప, ఆ పేరు ఎందుకో చెప్పదు.

ఎక్కువమంది తప్పు చేసేది ఆ తరువాతి దశలోనే. పడవ ఆకారంలో, లేత పసుపు కలిసిన తెలుపులో పలుచగా కనిపించేవి రేకులు కావు, పూలగుత్తిని చలిగాలి నుంచి కాచే పుచ్ఛాలు, అంటే రూపం మారిన ఆకులు. వాటిని తుంచకుండా, ఒక్కదానిని మాత్రం వేలితో మెల్లగా పక్కకు వంచి, లెన్స్‌ను పువ్వుకు కాక కంటికి ఆనించుకుని, తలను పువ్వు దగ్గరకు తీసుకువెళ్లండి. లోపల ఊదారంగులో అనేక చిన్న శీర్షాలు, అంటే ఒక్క పువ్వులా కనిపించే పూల ముద్దలు, గుత్తిగా ఉంటాయి. ప్రతి శీర్షానికీ తనదైన చిన్న పుచ్ఛాల వలయం ఉంటుంది. ఆ వలయంలో ఇమిడినవన్నీ విడివిడి పుష్పకాలు, అంటే చిట్టి పూలు. ఒక పుష్పకాన్నే చూస్తూ, పుప్పొడి ఉండే పరాగకోశాలు ఐదూ గొట్టంలా అతుక్కుని ఉన్నాయో లేదో, అడుగున ఈకలవంటి కేశగుచ్ఛం ఉందో లేదో పరిశీలించండి. ఈ రెండూ కనిపిస్తే కుటుంబం ఆస్టరేసి, అంటే పొద్దుతిరుగుడు కుటుంబమే.

పొద్దుతిరుగుడుకు ఉన్నట్లు చుట్టూ రేకుల్లా కనిపించే పసుపు కిరణ పుష్పకాలు లేవు కనుక ఇది ఆ కుటుంబం కాదని కొట్టిపారేసేవారిని తరచుగా చూస్తుంటాను. మన చేలలో పండే కుసుమ పువ్వుకూ అవి లేవు. కుసుమ, బ్రహ్మకమలం రెండూ ఆ కుటుంబంలోని ఒక ఉపవిభాగమైన కార్డుయే అనే ఒకే తెగకు చెందినవి. ఈ తెగలో సాధారణంగా అన్నీ గొట్టపు పుష్పకాలే ఉంటాయి.

ఇక మిగిలింది సులువు. ప్రజాతి సాసూరియా, స్విట్జర్లాండ్ శాస్త్రవేత్తలైన సాసూర్ తండ్రీకొడుకుల పేరిట వృక్షశాస్త్రవేత్త డీ కాండోల్ పెట్టినది. దూది కప్పినట్లు తెల్లని నూగుతో నిండిన మొక్క కనిపిస్తే అది ఇదే ప్రజాతిలోని మరో జాతి, గాసిపిఫోరా. నూగు అలా కప్పకుండా, పడవ పుచ్ఛాలు చుట్టుకుని ఉన్నదాన్ని సాసూరియా ఆబ్వల్లాటా అని రాసుకోండి.