కథ అల్లిక – 5వ పాఠం: గర్భానికి ఆరు కార్డులు

ఈసారి కథలోని ఐదు దశల్లో (సంధుల్లో) నాలుగోదైన విమర్శలోకి వెళ్ళాలి. వెళ్ళడం లేదు. పోయిన పాఠంలో కథని ముక్కలు చేసి పదిహేను కార్డుల మీద రాయమంటే, సంధులు ఐదు కదా అని తలా మూడు చొప్పున పంచేశారు. ఇవేమైనా అన్నదమ్ముల వాటాలా? ముఖం (మొదలు), ప్రతిముఖం (కొనసాగింపు), గర్భం (వెతుకులాట), విమర్శ (ఆగి ఆలోచించడం), నిర్వహణ (ముగింపు) అని ఐదు ఉన్నంత మాత్రాన ఐదూ ఒకే నిడివి ఉండాలని లేదు. నా లెక్క 2, 3, 6, 3, 1.

గర్భానికి ఆరెందుకంటే, కనిపించి మాయమైన బీజాన్ని, అంటే కథని నడిపే కోరికని, మళ్ళీ మళ్ళీ వెతకడమే అక్కడ పని అని దశరూపకం అనే పాత సంస్కృత నాటక లక్షణ గ్రంథం చెబుతుంది. దొరికినట్టు అనిపించాలి, చేజారాలి, నాయిక ఇంకో దారి పట్టాలి. ఇది ఒక చుట్టు, మూడు కార్డులు. ఒక్క చుట్టుతో సరిపెడితే అది అడ్డంకి అవుతుంది గానీ గర్భం కాదు. రెండోసారి చేజారినప్పుడే పాఠకుడికి ‘ఇక అవుతుందా?’ అన్న అనుమానం పుడుతుంది. నిర్వహణకి ఒక్క కార్డు చాలకపోతే, విమర్శలో తేలాల్సింది తేలలేదన్నమాట.

కొందరు జర్మన్ రచయిత ఫ్రైటాగ్ 1863లో చెప్పిన పిరమిడ్‌నీ (కథ శిఖరం దాకా ఎక్కి దిగడం), మూడంకాల పద్ధతినీ (మొదలు, నడుమ, ముగింపు) కలిపేశారు. ఆయన శిఖరం నడిమధ్యన ఉంటుంది. మూడంకాల్లో పెద్ద దెబ్బ ముప్పాతిక దగ్గర పడుతుంది. రెండూ ఒకే కథలో పెడితే కథ రెండుసార్లు ముగుస్తుంది. ఏదో ఒకటి పట్టుకోండి.

అసలు తలనొప్పి ఇంకొకటి ఉంది. ఈ నమూనా చూడండి:

‘పార్వతి పర్లాకిమిడి తహసీల్ ఆఫీసుకి వెళ్ళి, ఇంటి పట్టా ఇంకా తాత పేరు మీదే ఉందని తెలుసుకుని, మహేంద్రతనయ నది దాటి పాతపట్నం వచ్చి, చిన్నాన్నని సంతకం అడిగి, కాదనిపించుకుని, తిరిగొచ్చి, రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ (ఆర్.ఐ.)ని బతిమాలింది.’

చదవడానికి హాయిగానే ఉంది. ఎనిమిది పనులున్నాయి, ఒక్క కారణం లేదు. చిన్నాన్న ఎందుకు కాదన్నాడు? ఆయన కాదంటే ఆర్.ఐ. ఏం చేయగలడు? మన వాక్యాన్ని ‘వెళ్ళి, అడిగి, వచ్చి’ అంటూ ఎంత దూరమైనా లాగొచ్చు. మధ్యలో కారణం జారిపోయినా వాక్యం తూలదు, అందుకే రాసినవాళ్ళకి తెలియదు. బరంపురం, రాయగడ వైపు ఒడియాలో ఆలోచించి తెలుగులో రాసేవాళ్ళకీ తప్పించుకునే దారి లేదు, అక్కడా ‘జాఇ, కరి’ (వెళ్ళి, చేసి) అని ఇదే వరస. కథలో వాడుకోండి, ఎవరొద్దన్నారు. కార్డు మీద మాత్రం వద్దు. కార్డుకి రెండో మూడో పొట్టి వాక్యాలు: ఏం జరిగింది, దాంతో ఏం మారింది. కార్డుకీ కార్డుకీ మధ్య ‘కాబట్టి’ గానీ ‘కానీ’ గానీ రాయాలి. ‘ఆ తర్వాత’ తప్ప ఏదీ అతకడం లేదంటే రెండో కార్డు పనికిరాదు.

అదే కథలో గర్భం ఆరు కార్డులూ ఇలా ఉండొచ్చు. నెలాఖరులోగా పట్టా మారితేనే పార్వతికి లోను వస్తుంది, తండ్రి కొమ్ము బొమ్మల పని నిలబడుతుంది. అది బీజం.

6. చిన్నాన్న సంతకం పెడతానన్నాడు. బదులుగా వెనక పెరడు అడిగాడు.
కాబట్టి
7. పార్వతి భూమి కొలిచే అమీన్‌ని పిలిపించి కొలిపించింది. నాన్న పని చేసిన షెడ్డంతా పెరటి వాటాలోకే పోయింది.
కాబట్టి
8. ఆ బేరం వదులుకుంది. తాత ఇంట్లో వాటా ఉన్న మేనత్త కోసం బరంపురం బయల్దేరింది.
కాబట్టి
9. అత్త మాటకి చిన్నాన్న మెత్తబడ్డాడు. పెరడు ఊసెత్తలేదు.
కానీ
10. అత్త దగ్గరున్న పాత పద్దుల పుస్తకంలో, చిన్నాన్నకి నాన్న బాకీ పడ్డ సొమ్ము కనబడింది. అది తీరలేదు.
కాబట్టి
11. పార్వతి ఊరికే సంతకం వద్దంది. బాకీ తీర్చే దారి వెతకసాగింది.

7లో ‘పిలిపించి’ మిగిలిపోయింది చూశారా? దాన్ని కూడా విరిచేయాలి. 8లో అత్త దేవతలా ఊడిపడలేదు. కూతురిగా ఆమెకీ వాటా ఉంది, ఆమె సంతకం ఎలాగూ కావాలి. సాయం చేసే పాత్రని కథలోకి దింపేటప్పుడు ఇలాంటి అవసరం ఒకటి చూసుకోండి. 11లో సంతకాన్ని చేజార్చింది పార్వతే. రెండో చుట్టులో అలాగే ఉండాలని నా పట్టుదల.

ఆఫీసుల సంగతి కూడా కారణంలో భాగమే. నదికి ఇటు ఒడిశాలో ఆర్.ఐ., అమీన్, అటు ఆంధ్రాలో వి.ఆర్.వో. (గ్రామ రెవెన్యూ అధికారి), 1బి, అడంగల్ అనే భూమి రికార్డులు. ఇల్లు పర్లాకిమిడిలో ఉంటే చిన్నాన్న పాతపట్నంలో కాపురమున్నా పట్టా మారేది ఒడిశా తహసీల్లోనే. ఒకరు ఇదే ఇంటికి అడంగల్ తీయించారు. దాంతో తర్వాతి నాలుగు కార్డులూ కూలిపోయాయి.

కార్డు మీద డైలాగు రాయకండి. ‘ఏటే పార్వతీ, ఇన్నాళ్ళకి గేపకానికొచ్చినానేటి?’ లాంటి మాట తడితే వేరే కాగితం మీద దాచుకోండి. కార్డు మీద ఉందంటే ఆ మాట కోసం కథని వంచేస్తారు. పెన్సిలే వాడండి. నేనయితే ముందు 15 రాస్తాను, తర్వాత 11, ఆ తర్వాతే 1.

అభ్యాసం: పదిహేను కార్డులూ 2-3-6-3-1గా మళ్ళీ రాయండి. మధ్యనున్న పద్నాలుగు చోట్లా ‘కాబట్టి’, ‘కానీ’ నింపండి. వరసగా నాలుగు ‘కాబట్టి’లు వస్తే నాయికకి ఎదురే లేదు. నాలుగు ‘కానీ’లు వస్తే ఆమె దెబ్బలు తింటోందే గానీ ఏమీ చేయడం లేదు. ఇప్పుడు 8వ కార్డు పక్కన పెట్టి, దానివల్ల మారిపోయే కార్డుల నంబర్లు వెనక రాయండి. ఒక్కటీ మారకపోతే 8 చించేసి కొత్తది రాయండి. 4, 7, 10 కార్డులకీ ఇదే పని. విమర్శకి మీరు పెట్టుకున్న మూడు కార్డుల్లో కోపం, ఆపద, ఆశపెట్టడం, ఈ మూడింటిలో ఏది నాయికని ఆపి ఆలోచింపజేస్తోందో ఒక్క మాటలో రాసి ఉంచండి. వచ్చే పాఠం అక్కడి నుంచే.