గోడ నెమ్ము, పగుళ్లు: కారణం తేల్చుకుని మరమ్మతు చేసుకునే పద్ధతి

గోడ మీద నెమ్ము మరక కనబడగానే పుట్టీ పెట్టించి రంగు వేయించడం మన నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో మామూలుగా జరిగే పని. నీరు లోపలికి వచ్చే దారి అలాగే ఉంటుంది కాబట్టి ఆ రంగు మరుసటి వానాకాలం దాటదు. మేస్త్రీని పిలవడానికి ముందే నీరు ఎక్కడి నుంచి వస్తున్నదో, పగులు ఇంకా కదులుతున్నదో ఆగిపోయిందో ఇంటివారు తేల్చుకోవాలి. ఇందుకు టార్చిలైటు, చిన్న సుత్తి, పెన్సిలు, టేపు, ఒక ప్లాస్టిక్ కాగితం ఉంటే చాలు.

ముందుగా మరక ఎత్తును, అది కనబడే కాలాన్ని చూడాలి. నేల నుంచి మొదలై రెండు మూడడుగుల ఎత్తున ఆగిపోయి, పై అంచున తెల్లటి ఉప్పు తేలి, ఎండాకాలంలో కూడా పూర్తిగా పోని మరక పునాది నుంచి ఎక్కిన నెమ్ము. వాన పడిన ఒకటి రెండు రోజులకు స్లాబు అడుగున కనబడేది పైనుంచి ఉరిసిన నీరు. వానలతో సంబంధం లేకుండా గోడ నడుమ ఒకే చోట ఏడాది పొడవునా తడి ఉంటే గోడలోని పైపును, గోడకవతలి స్నానాలగదిని అనుమానించాలి. రాత్రి కుళాయిలన్నీ కట్టేసి, ట్యాంకులో నీటిమట్టం వద్ద గీత గీసి, అది తెల్లారేసరికి దిగితే పైపు కారుతున్నట్టే. దిగకపోతే స్నానాలగది నీరు బయటికి పోయే నహానీ ట్రాప్ చుట్టూ, టైల్స్ సందుల్లో వెతకాలి. ఇవేవీ కాదనిపిస్తే అడుగున్నర చదరపు ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు అంచులా టేపుతో గోడకు అంటించి రెండు రోజులు ఉంచాలి. గోడవైపు తడి చేరితే నీరు గోడలో ఉన్నట్టు, గదివైపు చేరితే గాలి ఆడక ఆవిరి గోడ మీద చేరుతున్నట్టు.

వీటన్నిటిలో మొండిది పునాది నెమ్ము. ఇటుకా, ఇటుకల నడుమ సిమెంటు సందులైన దర్జులూ నేలలోని తడిని దీపం వత్తిలా పైకి పీలుస్తాయి. దాన్ని ఆపడానికే బేస్‌మెంట్ మీద వాటర్‌ప్రూఫింగ్ మందు కలిపిన 1:2:4 (సిమెంటు, ఇసుక, కంకర) కాంక్రీటు పొరను, అంటే డీపీసీని, ఒకటిన్నర అంగుళం మందాన వేస్తారు. పాత ఇళ్లలో చాలావరకు అది ఉండదు, ఉన్నచోట కూడా దాన్ని పనికిరాకుండా చేసే సంగతులు మన ఊళ్లలో ఎక్కువే. సీసీ రోడ్డు మీద మళ్లీ సీసీ రోడ్డు పోస్తూ పోతే, ఒకప్పుడు వీధి కంటే రెండడుగుల ఎత్తున ఉన్న గడప వీధి మట్టానికి దిగిపోయి, డీపీసీ మట్టిలో కూరుకుపోతుంది. ఇంకుడు గుంతను స్థలం లేదని గోడ పక్కనే తవ్వడం మరో కారణం. సాగర్ ఎడమ కాలువ ఆయకట్టులో, మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు, ఇంటి వెనుకనే వరి మడి ఉంటే పంట కాలమంతా పునాది తడిలోనే ఉంటుంది.

అందువల్ల మరమ్మతు గోడ బయట మొదలు కావాలి. గోడ వెంట పేరుకున్న మట్టిని డీపీసీ కంటే కనీసం ఆరంగుళాలు కిందికి తీసేయాలి. రోడ్డు ఎత్తు వల్ల అది కుదరకపోతే గోడ వెంట వాలుగా చిన్న కాలువ కట్టి నీటిని దూరంగా పంపాలి. ఇంకుడు గుంతను గోడకు పదడుగుల అవతలికి మార్చుకోవడం మంచిది. డీపీసీ లేని ఇటుక గోడకు నేల నుంచి ఆరంగుళాల ఎత్తున, ఒకే దర్జు వెంట, నాలుగైదు అంగుళాలకొకటి చొప్పున రంధ్రాలు చేసి, తడిని పైకి ఎక్కనివ్వని సైలేన్ క్రీము ఎక్కించవచ్చు. ఆ తర్వాత మరక పై అంచుకు ఒక అడుగు ఎత్తు వరకు ప్లాస్టరింగును ఊడగొట్టేసి, ఉప్పును పొడి బ్రష్‌తో దులిపి ఎత్తేయాలి. నీటితో కడిగితే ఆ ఉప్పు తిరిగి గోడలోకే పోతుంది. ఇక్కడ తొందర పనికిరాదు: గోడ నెలకు సుమారు ఒక అంగుళం మందం మాత్రమే ఆరుతుందన్నది స్థూలమైన లెక్క కాబట్టి, తొమ్మిదంగుళాల గోడను రెండు వైపులా తెరిచి ఉంచినా నాలుగైదు నెలలు పడుతుంది. సంక్రాంతి దాటగానే కొట్టించి, మృగశిర కార్తెకు ముందు ప్లాస్టరింగు చేయించుకుంటే లెక్క సరిపోతుంది.

మట్టి గోడలకు, బురదతో పేర్చిన రాతి గోడలకు సిమెంటు ప్లాస్టరింగు చేయించడం అన్నిటికంటే చెడ్డ పని అని నా అభిప్రాయం. అలాంటి గోడ పైపొర గుండానే ఆరుతుంది. సిమెంటు ఆ దారిని మూసేస్తే తడి లోపలే నిలిచి మట్టి మెత్తబడుతుంది, కొన్నేళ్లకు ప్లాస్టరింగు పలకలు పలకలుగా ఊడేటప్పుడు గోడ మట్టిని కూడా వెంట తీసుకుపోతుంది. ఈ గోడలకు సున్నం, ఇసుక పూతే తగినది.

కొత్త గోడలకు కూడా ఉప్పు తేలుతున్నదంటే, కలపడానికి వాడిన నీటిని, కడగని ఇసుకను చూడాలి. నల్లగొండ బోరు నీరనగానే ఫ్లోరైడే గుర్తుకొస్తుంది గాని, గోడకు చేటు చేసేవి సల్ఫేట్లు, క్లోరైడ్లు. ఇనుము ఉన్న కాంక్రీటుకు వాడే నీటిలో క్లోరైడ్లు లీటరుకు 500 మిల్లీగ్రాములు, సల్ఫేట్లు 400 మిల్లీగ్రాములు దాటకూడదని కాంక్రీటు పనుల భారతీయ ప్రమాణం ఐఎస్ 456 చెబుతున్నది.

స్లాబు ఉరుస్తుంటే వాన నీరు కిందికి దిగే గొట్టం మూతి మూసి, పైన రెండంగుళాల నీరు ఒక రోజు నిలబెట్టి కింద ఎక్కడ తడి వస్తున్నదో గుర్తించాలి. స్లాబు అప్పటికే పెచ్చులూడి ఉంటే మాత్రం ఈ బరువు పెట్టకూడదు. ఎక్కువ ఇళ్లలో లోపం స్లాబు నడుమ కాక పిట్టగోడ మొదట్లోనూ నీటి గొట్టం చుట్టూనూ ఉంటుంది. పిట్టగోడ మూలను గుండ్రటి వంపుగా పూసి, నూటికి ఒకటి చొప్పున వాలు ఇచ్చి, ఆ తర్వాతే వాటర్‌ప్రూఫింగ్ పూత వేయించాలి.

స్లాబు అడుగున ఇనుప కమ్మీ వెంట గోధుమరంగు గీత, దాని పొడవునా పగులు కనబడితే లోపలి ఇనుము తుప్పు పట్టి ఉబ్బుతున్నదని అర్థం. సుత్తితో తట్టుతూ పోతే గట్టి చోట ఠంగుమని, డొల్ల చోట బొదబొదమని పలుకుతుంది. డొల్ల ఉన్నంత మేర సుద్దతో గీసుకోవాలి. కింద జాకీలు పెట్టి, కమ్మీ వెనుక కూడా వేలు దూరేంత కాంక్రీటు తీసి, తుప్పును వైరు బ్రష్‌తో మెరిసేదాకా గీకి, తుప్పు నిరోధక పూత, పాలిమర్ కలిపిన మోర్టారు వరుసగా వేయాలి. కమ్మీ సన్నబడి ఉంటే కొత్త కమ్మీ ఎక్కడ, ఎంత వేయాలో ఇంజినీరే చెప్పాలి.

పగుళ్ల విషయంలో వెడల్పు కంటే కదలిక ముఖ్యం. పగులు రెండు చివరలా పెన్సిలుతో గీతలు గీసి తేదీ రాయాలి, అడ్డంగా సన్నని గాజు పలకను సిమెంటుతో అంటించాలి. గాజు విరిగితే పగులు బతికే ఉన్నట్టు. స్లాబు కింద గోడ పై వరుసలో అడ్డంగా వచ్చే పగులు మన ఎండలకు స్లాబు సాగి ముడుచుకోవడం వల్ల వస్తుంది. దాన్ని సిమెంటుతో నింపితే మళ్లీ పగులుతుంది కనుక సాగే సీలెంటు వాడి, స్లాబు మీద తెల్లటి చలువ పూత వేయించాలి. పిల్లరు, ఇటుక గోడ కలిసే చోటి నిలువు పగులుకు సన్నని ఇనుప తీగల వల (చికెన్ మెష్) వేసి ప్లాస్టరింగు చేస్తే చాలు.

మెట్లు మెట్లుగా ఏటవాలుగా సాగే పగులు పైన వెడల్పుగా ఉంటే గోడ చివర కుంగుతున్నట్టు, కింద వెడల్పుగా ఉంటే నడుమ కుంగుతున్నట్టు. కృష్ణా, తుంగభద్రల నడుమ ఉన్న నడిగడ్డలో, కాలువల కింది నల్లరేగడి నేలల్లో ఇలాంటి పగులు ఎండాకాలంలో తెరుచుకుని వానలకు దగ్గరపడుతుంది. నేలలో తడి హెచ్చుతగ్గులను తగ్గించడానికి ఇంటి చుట్టూ నాలుగైదు అడుగుల వెడల్పున కాంక్రీటు అంచు పోసి, గోడ దగ్గర వేప, రావి వంటి చెట్లు పెరగకుండా చూసుకోవాలి. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం గడిచినా గాజు విరగకపోతే, అయిదారు ఇటుక వరుసలకొకసారి పగులుకు అడ్డంగా ఇటుకలు తీసి, ఇనుము పెట్టిన కాంక్రీటు దిమ్మలను కుట్లుగా కూర్చవచ్చు. పగులు అయిదు మిల్లీమీటర్లు దాటినా, దాని వల్ల తలుపులు పట్టేస్తున్నా, నిర్మాణ ఇంజినీరు పునాది చూసేదాకా దానిలో ఏదీ నింపకూడదు.