డిసెంబరులో చెన్నైలో దిగి, సముద్రపు దారిన పుదుచ్చేరికి వెళ్లేవారికి జాగ్రత్తలు

అమెరికా నుంచో, గల్ఫ్ నుంచో వచ్చే పిల్లలను తీసుకువెళ్లడానికి నెల్లూరు, తిరుపతి, చిత్తూరు ప్రాంతాల తెలుగువారు చెన్నై విమానాశ్రయానికి రావడం ఏళ్లుగా ఉన్నదే. ఈమధ్య దానికి ఇంకొక ఆనవాయితీ తోడయింది. వచ్చినవారిని నేరుగా ఇంటికి తీసుకుపోకుండా, మహాబలిపురం, పుదుచ్చేరి చూపించి, రెండు మూడు రోజుల తరువాత ఊరికి బయలుదేరుతున్నారు. తూర్పు తీర రహదారి, అంటే ఇక్కడ అందరూ ఈసీఆర్ అని పిలిచే దారి, అందుకు తగినదే. తిరువాన్మియూరు నుంచి పుదుచ్చేరి దాకా సుమారు 150 కిలోమీటర్ల పొడవునా సముద్రం ఒకసారి కనబడుతూ, ఒకసారి సరుగుడు తోపుల వెనక దాగుతూ ఉంటుంది. చిక్కల్లా ఏమిటంటే, బయట దేశాలలో ఉన్నవారికి సెలవులు దొరికేది డిసెంబరులో. ఈ తీరానికి అన్నిటికన్నా ప్రమాదకరమైన రోజులు వచ్చేదీ అప్పుడే.

ఈ మాట ఊరికే భయపెట్టడానికి అనడం లేదు. 2015లో డిసెంబరు 1, 2 తేదీల్లో అడయారు నది పొంగి విమానాశ్రయం రన్‌వే మీదికి నీరు వచ్చి, రోజుల తరబడి విమానాలు ఆగిపోయాయి. 2016లో వర్దా తుపాను డిసెంబరు 12న చెన్నై దగ్గరే తీరం దాటింది. 2022లో మాండూస్ డిసెంబరు 9 అర్ధరాత్రి వేళ మహాబలిపురం దగ్గర, అంటే సరిగ్గా మనం కారులో వెళ్లాలనుకునే దారి మీదుగా, తీరం దాటింది. 2023 డిసెంబరు 4న మిచౌంగ్ వల్ల విమానాశ్రయం మూతపడింది. మరునాడు అదే తుపాను మన బాపట్ల దగ్గర తీరాన్ని తాకింది. 2024లో ఫెంజల్ నవంబరు 30 రాత్రి పుదుచ్చేరి దగ్గర తీరం దాటింది. ఆ రోజూ చెన్నైలో విమానాలు నిలిచిపోయాయి. ఈ తేదీలన్నీ నవంబరు ఆఖరి రోజుకూ డిసెంబరు 12కూ మధ్యనే ఉన్నాయన్నది గమనించండి. టికెట్టు కొనే స్వేచ్ఛ మీకు ఉంటే డిసెంబరు మూడో వారం తరువాతి తేదీ చూసుకోండి. అప్పుడు కూడా వానలు పూర్తిగా వెళ్లిపోయినట్టు కాదు గాని, ముప్పు కొంత తగ్గుతుంది. సంక్రాంతికి వచ్చేవారు భోగి తెల్లవారుజామున దిగకుండా ఉండడం మేలు; ఇక్కడ భోగి మంటల పొగ మంచుతో కలిసి రన్‌వే కనబడకుండా చేసి, విమానాలు ఆలస్యమైన ఏళ్లు ఉన్నాయి.

ఇక అసలు జాగ్రత్త ఒక్కటే, మిగిలినవన్నీ దాని తరువాతే. విమానం దిగిన రోజున ఈసీఆర్ ఎక్కవద్దు. విమానాశ్రయానికీ సముద్రపు దారికీ మధ్య ఒక రాత్రి పూర్తి నిద్ర ఉండాలి.

మూడేళ్ల క్రితం మా అక్క కొడుకు కుటుంబంతో వచ్చాడు. విమానం రాత్రి రెండున్నరకు దిగింది. ఇమిగ్రేషన్ వరుస దాటి, బెల్టు దగ్గర నాలుగో పెట్టె కోసం నిలబడి, వాళ్లు బయటికి వచ్చేసరికి నాలుగు దాటింది. చిన్నపాప ట్రాలీ మీద పెట్టెల నడుమ నిద్రపోతూ ఉంది. మా ఇల్లు నంగనల్లూరులో, విమానాశ్రయానికి పక్కనే. ఇంటికి వచ్చి పడుకోమని ఎంత చెప్పినా వినకుండా, "నాకు నిద్ర రావడం లేదు పిన్నీ, సూర్యోదయం దారిలో చూద్దాం" అని ముందే మాట్లాడి పెట్టుకున్న అద్దె కారు తీశాడు. నేను ముందు సీట్లో కూర్చున్నాను. ముట్టుకాడు వంతెన దాటాక, తెల్లవారుతూ ఉండగా, చక్రాల కింద చప్పుడు మారింది. కారు మెల్లగా ఎడమ పక్క ఇసుకలోకి జరుగుతోంది, ఎదుట చేపల తట్ట వెనక కట్టుకున్న ఒక సైకిలు వెళుతోంది. నేను చెయ్యి పట్టి లాగాను. అతని కళ్లు తెరిచే ఉన్నాయి. ముట్టుకాడు వంతెన ఎప్పుడు దాటామో తనకు గుర్తు లేదని ఆ తరువాత చెప్పాడు. నిద్ర రావడం లేదని అతను అన్నది అబద్ధం కాదు. దూరప్రయాణం చేసిన శరీరం తనకు నిద్ర కావాలని తెలుసుకోలేదు, ఉన్నట్టుండి కొన్ని క్షణాలు ఆగిపోతుంది, అంతే. మనిషికి మామూలుగానే రాత్రి రెండు నుంచి ఆరు దాకా మెలకువ తగ్గుతుంది. కాఫీ తాగడం, కిటికీ దించడం, పాటలు పెట్టడం వంటివి దానికి మందు కావు.

కాబట్టి మొదటి రాత్రికి పల్లావరం, మీనంబాక్కం, గిండీ చుట్టుపక్కల గది ముందే తీసుకోండి. అర్ధరాత్రి దాటి దిగేవారు గదిని ముందురోజు తేదీతో తీసుకోవాలి. లేకపోతే తెల్లవారుజామున వెళ్లి మధ్యాహ్నం దాకా హాలులో కూర్చోవలసి వస్తుంది.

విమానాశ్రయంలో ఆందోళన ఎక్కువగా రెండు చోట్ల కలుగుతుంది. ఒకటి సామాను. పెట్టె రాకపోయినా, పగిలి వచ్చినా, హాలు దాటి బయటికి రాకముందే విమాన సంస్థ కౌంటరులో ఫిర్యాదు రాయించి, దాని కాగితం, నంబరు తీసుకోవాలి. ఒకసారి బయటికి వచ్చాక లోపలికి పోనివ్వరు. అంతర్జాతీయ ప్రయాణంలో పెట్టె దెబ్బతింటే 7 రోజుల లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలన్న నిబంధన ఉంది. మందులు, పాస్‌పోర్టులు, పసిపిల్లల పాలపొడి, ఒక జత బట్టలు చేతిసంచిలో ఉంటే పెట్టె ఆలస్యమైనా ఆ రాత్రి గడిచిపోతుంది.

రెండవది, బయట ఎదురుచూసేవారిని కలుసుకోవడం. ఇక్కడ స్వదేశీ విమానాలకు, విదేశీ విమానాలకు టెర్మినళ్లు వేరు. 2023లో కొత్త భవనం వచ్చాక పాత గుర్తులు పనికిరావు. "బయట ఉంటాను" అన్న మాట చాలదు. టెర్మినల్ సంఖ్య, ద్వారం సంఖ్య, అవి కూడా వాట్సాప్‌లో రాసి పెట్టుకోవాలి, ఎందుకంటే వచ్చినవారి ఫోనుకు ఇక్కడి సిమ్ ఉండకపోవచ్చు. యాప్ క్యాబ్‌లు ఎక్కేది ఎదుటి బహుళ అంతస్తుల పార్కింగ్ భవనం వైపు. ముసలివారు ఉంటే బ్యాటరీ బండి కోసం ఆగండి, సామాను తోసుకుంటూ వానలో నడిపించవద్దు. గేటు దగ్గర చెయ్యి పట్టుకుని "టాక్సీ, టాక్సీ" అంటూ సామాను అందుకునేవారి వెంట వెళ్లకుండా, ప్రీపెయిడ్ కౌంటరులో రసీదు తీసుకోండి. వాన ఎక్కువై రోడ్లన్నీ ఆగిపోయిన రోజున విమానాశ్రయం మెట్రో స్టేషన్, విమానాశ్రయం ముందు పోయే ప్రధాన రహదారి జీఎస్‌టీ రోడ్డుకు అవతల ఉన్న తిరుసూలం లోకల్ రైలు స్టేషన్ చాలా ఆదుకుంటాయి. అయితే రాత్రి సుమారు పదకొండు తరువాత మెట్రో నడవదు.

వాతావరణం బాగా లేనప్పుడు విమానాన్ని బెంగళూరుకో, హైదరాబాదుకో మళ్లిస్తారు. అది విన్న వెంటనే ఇక్కడ ఎదురుచూసేవారు బెంగళూరుకు కారు తీయవద్దు. చాలాసార్లు కొన్ని గంటల్లో అదే విమానం తిరిగి వస్తుంది. లోపల ఉన్నవారు సంస్థ చెప్పేదాకా సీట్లోనే ఉంటారు.

కారు విషయానికి వస్తే, అద్దెకు తీసుకుని స్వయంగా నడపాలనుకునేవారు ఒకటి ఆలోచించాలి. అమెరికాలో కుడి పక్కన నడపడం అలవాటైన చెయ్యి తిన్నటి దారిలో తప్పు చేయదు. హోటల్లో టిఫిన్ తిని బయటికి వచ్చి, ఖాళీ రోడ్డు మీద మొదటి మలుపు తిప్పేటప్పుడు తప్పు చేస్తుంది. భారతీయ లైసెన్సు గడువు తీరిందేమో చూసుకోవాలి, విదేశీ లైసెన్సు ఉంటే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ వెంట ఉండాలి. నా మటుకు, ఈ నెలలో ఈ దారి ఎరిగిన డ్రైవరును పెట్టుకోవడమే మంచిదంటాను. అయితే అతను ముందురాత్రి మరెవరినో దింపి నేరుగా వస్తున్నాడేమో అడగండి, అడగడానికి మొహమాటపడవద్దు. తమిళనాడు టాక్సీ పుదుచ్చేరిలోకి వెళ్లేటప్పుడు పర్మిట్ ఖర్చు ఎవరిదో కూడా ముందే మాట్లాడుకోవాలి. టైర్ల గాడి లోతు కనీసం 1.6 మిల్లీమీటర్లు ఉండాలని నియమం, గాని వానలో అంతకన్నా ఎక్కువ ఉండడమే మేలు. వైపర్ రబ్బరు, ముందు అద్దం పొగబట్టకుండా చేసే ఏసీ మీట, స్టెప్నీ, జాకీ స్వయంగా చూడండి. వెనక కూర్చున్నవారూ బెల్టు పెట్టుకోవాలి, పసిపిల్లను ఒళ్లో పెట్టుకుని ముందు సీట్లో కూర్చోకూడదు.

బయలుదేరే ఉదయం, అంతకుముందు సాయంత్రం, వాతావరణ శాఖ చెన్నై ప్రాంతీయ కేంద్రం ఇచ్చే జిల్లాల వారీ హెచ్చరికను చూడండి. చెన్నై, చెంగల్పట్టు, విళుపురం, పుదుచ్చేరి నాలుగింటినీ చూడాలి. చెన్నైలో ఎండ కాస్తున్నప్పుడే దారిలోని మరక్కాణంలో కుండపోత పడవచ్చు. ఎల్లో రంగు హెచ్చరిక ఉంటే పగటిపూట వెళ్లవచ్చు. ఆరెంజ్ అంటే 24 గంటల్లో 115 మిల్లీమీటర్లు దాటే అతి భారీ వర్షం పడవచ్చునని. కుటుంబంతో ఆ రోజు వెళ్లకండి. రెడ్ అయితే ఆలోచించవలసిందే లేదు. అల్పపీడనం వాయుగుండంగా మారిందన్న వార్త వచ్చిందంటే, హోటలు డబ్బు పోయినా ప్రయాణం వాయిదా వేసుకోవాలి. లోపలి దారి, అంటే చెంగల్పట్టు, తిండివనం మీదుగా పోయేది, తీరపు గాలి నుంచి కాపాడుతుంది గాని నీటి నుంచి కాపాడుతుందన్న భరోసా లేదు. ఫెంజల్ సమయంలో తిండివనం, మైలం వైపే మహా వాన కురిసింది.

విమానాశ్రయం నుంచి ఈసీఆర్ చేరడానికి పల్లావరం నుంచి తొరైపాక్కానికి పోయే 200 అడుగుల రేడియల్ రోడ్డు దగ్గర దారి. అది పళ్ళికరణై చిత్తడి నేల మీదుగా పోతుంది. దక్షిణ చెన్నై వాననీరు చాలా మటుకు చేరేది అక్కడికే. పెద్ద వాన పడిన మరునాడు ఆకాశం తేటగా ఉన్నా అక్కడ నీరు నిలిచి ఉండవచ్చు. నీరు ఎంత లోతుందో తెలియనప్పుడు బండి దించవద్దు. అడుగు లోతు పారే నీరు చిన్న కారును తేలుస్తుంది, రెండడుగులైతే పెద్ద బండినైనా తోసుకుపోతుంది. నీటిలో ఇంజిన్ ఆగిపోతే మళ్లీ స్టార్టు చేయవద్దు. లోపలికి నీరు పోయిన ఇంజిన్‌ను తిప్పితే అది పూర్తిగా పాడవుతుంది. దిగి, ఎత్తయిన చోటికి నడవండి. టీ కొట్టు దగ్గర ఆపి "రోట్టుల తణ్ణి నిక్కుదా?" అని అడిగితే, రోడ్డు మీద నీళ్లున్నాయా అన్నదానికి ఫోను మ్యాపు కన్నా నమ్మదగిన జవాబు దొరుకుతుంది.

ఈసీఆర్‌లో కోవళం దాటాక దారి ఖాళీగా కనబడి వేగం దానంతటదే పెరుగుతుంది. తడి రోడ్డు మీద గంటకు 60 కిలోమీటర్లు చాలు. అంతకు మించితే చక్రం నీటి పొర మీద జారి, స్టీరింగు తేలికైపోతుంది. అప్పుడు బ్రేకు గట్టిగా తొక్కకుండా, యాక్సిలరేటరు వదిలి, స్టీరింగు తిన్నగా పట్టుకోవాలి. పాలారు వంతెన వంటి చోట్ల పక్కగాలి ఒక్కసారిగా తోస్తుంది, రెండు చేతులూ స్టీరింగు మీదే ఉంచండి. మహాబలిపురం అవతల అక్కడక్కడ విస్తరణ పనులు, తాత్కాలిక మళ్లింపులు ఎదురవుతాయి; చీకటిపడితే ఆవులు రోడ్డు మీద వెచ్చదనానికి పడుకుంటాయి. అందుకే సాయంత్రం ఐదున్నరకల్లా చేరవలసిన చోటికి చేరాలి. పెట్రోలు మహాబలిపురంలోనే నింపుకోండి.

ఆగి చూడవలసినవి చాలానే ఉన్నాయి. మహాబలిపురం తీరపు గుడి కట్టించిన పల్లవుల తొలి శాసనాల్లో ఒకటి మన పల్నాటి మంచికల్లులో దొరికింది. దారి పక్కన అక్కడక్కడ కనబడే బకింగ్‌హామ్ కాలువలో ఒకప్పుడు మన కోస్తా పడవలు ఇక్కడిదాకా వచ్చేవి. పిల్లలకు ఈ రెండూ చెప్పండి. కాని కారు ఆపేటప్పుడు రోడ్డు మలుపులో, ఫోటో కోసం అంచున ఆపవద్దు.

సముద్రంలో దిగడం గురించి గట్టిగా చెప్పాలి. డిసెంబరులో ఈ తీరం స్నానానికి తగదు. తుపాను వందల కిలోమీటర్ల దూరంలో ఉన్నా అలలు ఇక్కడ పెరుగుతాయి. అలలు విరుచుకుపడే రెండు చోట్ల మధ్య నీరు ప్రశాంతంగా, కాస్త ముదురు రంగులో కనబడితే పిల్లలు అక్కడికే పోతారు; లోపలికి లాక్కుపోయే ప్రవాహం ఉండేది సరిగ్గా అక్కడే. అందులో పడినవారు ఒడ్డుకు ఎదురీదకుండా, ఒడ్డు వెంబడి పక్కకు ఈదాలి. ఒడ్డున ఉన్నవారు దూకకుండా, తాడో, ఖాళీ క్యానో విసిరి, జాలరులను కేకవేయాలి. మోకాలు లోతు దాటనివ్వకండి. జాలరులు పడవలను ఇసుక మీద పైకి లాగిపెట్టి ఉంచిన రోజున పాదాలు కూడా తడపవద్దు.

ఫోనులో 112, అంబులెన్సుకు 108, జిల్లా విపత్తు కేంద్రానికి 1077 పెట్టుకోండి. తుపాను మధ్యలో గాలి ఒక్కసారిగా ఆగిపోతే అయిపోయిందనుకుని బయటికి రాకండి. అది తుపాను కన్ను, కాసేపట్లో గాలి ఎదురు దిక్కు నుంచి మళ్లీ వీస్తుంది.

తిరుగు ప్రయాణంలో పుదుచ్చేరి మద్యం సీసాలు తమిళనాడులోకి తెస్తే సరిహద్దు తనిఖీలో పట్టుకుంటారు. విమానం ఎక్కవలసిన రోజున ఆ గొడవ వద్దు. పుదుచ్చేరి నుంచి విమానాశ్రయానికి మామూలుగా మూడు గంటలకు పైగా పడుతుంది, వానలో ఐదు కూడా పట్టవచ్చు. విదేశీ విమానానికి మూడు గంటల ముందు చేరాలి. అందుచేత రాత్రి విమానమైనా సరే, ముందురోజు పగలే చెన్నై వచ్చేసి, విమానాశ్రయానికి దగ్గరలో పడుకోండి. మా అక్క కొడుకు ఆ ఏడు అలాగే ముందురోజు మధ్యాహ్నానికే నంగనల్లూరు వచ్చి, సాయంత్రం ఆరింటికే పాపతో పాటు నిద్రపోయాడు.